ఇచ్చినవాడున్నాడు, పుచ్చుకున్నవాడే లేడు

ముందుగా ఒక శుభవార్త. స్వతంత్ర భారతదేశంలో ఆయుధాల పెద్ద కొనుగోళ్లలో ఏ మంత్రీ లంచం తినలేదు. ఇది నా మాట కాదు. డెబ్బై అయిదేళ్లుగా కూర్చున్న కమిటీలు, లేచిన కమిషన్లు, వేసిన చార్జిషీట్లు, కొట్టేసిన అప్పీళ్లు అన్నీ కూడి తీసేస్తే మిగిలిన శేషం ఇదే. డబ్బు మాత్రం చేతులు మారింది. ఎవరి చేతిలోంచి అన్నది కొన్నిసార్లు తేలింది. ఎవరి చేతిలోకి అన్నది మాత్రం తేలదు.

ఇచ్చేవాణ్ణి చూస్తే చచ్చినవాడు కూడా లేచొస్తాడన్నారు పెద్దలు. పాపం, వాళ్లకు రక్షణ శాఖ సంగతి తెలియదు. ఇక్కడ ఇచ్చినవాడు బయటపడగానే బతికున్నవాళ్లంతా మాయమైపోతారు.

ఈ సంప్రదాయానికి శంకుస్థాపన 1948లోనే జరిగింది. కశ్మీర్‌లో యుద్ధం నడుస్తోంది, సైన్యానికి జీపులు కావాలి. లండన్‌లో మన హైకమిషనర్ వి.కె. కృష్ణ మేనన్ నిబంధనలను పక్కన పెట్టి, ఒక విదేశీ కంపెనీతో 80 లక్షల రూపాయల బేరం కుదిర్చారు. 155 జీపులు ఓడ దిగాయి. దిగాక చూస్తే అవి సైన్యం వాడుకోవడానికి పనికిరానివి. గొడవైంది. మన తిరుచానూరు బిడ్డ మాడభూషి అనంతశయనం అయ్యంగార్ నేతృత్వంలో కమిటీ కూర్చుంది, సూచనలిచ్చింది. ఆ సూచనలను సర్కారు భద్రంగా బీరువాలో పెట్టింది. 1955 సెప్టెంబర్ 30న హోంమంత్రి గోవింద్ వల్లభ్ పంత్ కేసు ముగిసిందని ప్రకటించారు. ప్రతిపక్షానికి నచ్చకపోతే ఎన్నికల్లో దీన్ని అంశం చేసుకోవచ్చని ఉదారంగా సలహా కూడా ఇచ్చారు. అయిదు నెలలు తిరక్కుండా మేనన్ కేంద్ర మంత్రి అయ్యారు. 1957లో ఏ శాఖ ఇచ్చారో ఊహించండి. రక్షణ శాఖ. నడవని జీపులు కొన్నాయన చేతికి నడిచే సైన్యాన్నంతా అప్పగించారు. 1962లో చైనా వచ్చాక ఏం జరిగిందో పాఠ్యపుస్తకాల్లో ఉంది.

పంత్ గారి ఆ ఒక్క వాక్యమే మన ఆయుధ కొనుగోళ్లకు అసలు రాజ్యాంగం. ఫైలు మేం మూస్తాం, ఓట్లు మీరు అడుక్కోండి. ఆ తర్వాత వచ్చిన ఏ పార్టీ కూడా ఈ రాజ్యాంగాన్ని సవరించడానికి సాహసించలేదు.

ఇప్పుడు మన కుంభకోణాల్లో మహారాజు దగ్గరికి వద్దాం. 1986 మార్చి 24న స్వీడన్‌కు చెందిన ఏబీ బోఫోర్స్‌తో 1,437 కోట్ల రూపాయల ఒప్పందం. సరుకు 155 ఎంఎం హొవిట్జర్ ఫిరంగులు, నాలుగు వందల పైచిలుకు. మధ్యలో దళారులు ఉండకూడదని రాజీవ్ గాంధీ ప్రభుత్వం గట్టిగా చెప్పింది. బోఫోర్స్ బుద్ధిగా తలూపింది. 1987 ఏప్రిల్ 16న స్వీడిష్ రేడియో గుట్టు విప్పింది. ఫిరంగుల బేరంలో లంచాలు ముట్టాయంది. కొద్దివారాలకే స్వీడన్ జాతీయ ఆడిట్ సంస్థ కూడా చెల్లింపులు జరిగిన మాట నిజమేనంది.

కంపెనీ చెప్పిన సమాధానం మాత్రం బంగారు ఫ్రేము కట్టించుకోదగ్గది. మేం కమిషన్ ఇవ్వలేదండీ, దళారులు వద్దన్నారు కదా అని ఉన్నవాళ్లను మాన్పించాం, మాన్పించినందుకు పరిహారం ఇచ్చాం, అంది. బి. శంకరానంద్ అధ్యక్షతన కూర్చున్న సంయుక్త పార్లమెంటరీ కమిటీ, ప్రతిపక్షం బహిష్కరించిన కమిటీ, 1988లో ఆ మాటను నమ్మింది. మన దేశంలో ఉపాధి హామీ కింద చెరువు తవ్వినవాడికి కూలి డబ్బులు నెలల తరబడి రావు. అక్కడ పని మానేసిన పుణ్యానికి కోట్లకు కోట్లు.

ఒక్క కాగితం దగ్గరగా చూడండి. ఏఈ సర్వీసెస్ అనే కంపెనీతో బోఫోర్స్ 1985 నవంబర్ 15న ఒప్పందం రాసుకుంది. అందులో షరతు ఏమిటంటే, 1986 మార్చి 31 లోపల భారత్ ఆర్డరు ఇస్తేనే 3 శాతం. ఏప్రిల్ 1న ఇస్తే సున్నా. ఆర్డరు మార్చి 24న వచ్చింది. గడువుకు సరిగ్గా వారం ముందు. రేషన్ కార్డులో పేరు దిద్దించుకోవడానికి మండల ఆఫీసు చుట్టూ తిరిగిన ప్రతి తెలుగువాణ్ణీ అడుగుతున్నాను: మన సర్కారులో గడువుకు వారం ముందు కదిలిన ఫైలును మీ జన్మలో చూశారా? ఆ సెప్టెంబర్‌లో ఏఈ సర్వీసెస్ ఖాతాలో 73 లక్షల డాలర్లు పడ్డాయి. అక్కడి నుంచి ఆ సొమ్ము తిరిగి తిరిగి ఒట్టావియో క్వత్రోచీ అనే ఇటాలియన్ వ్యాపారి గుప్పిట్లోని స్విస్ ఖాతాకు చేరిందని సీబీఐ తర్వాత రాసింది. లోటస్, ట్యులిప్, మోంట్ బ్లాంక్ అని స్విస్ ఖాతాలకు పేర్లు. మన పన్ను డబ్బుతో జెనీవాలో తామరలు పూశాయి.

ఇక వేట మొదలైంది. వేటగాడు ఎంత నెమ్మదస్తుడంటే, జింక ముసలిదై చచ్చేదాకా ఆగాడు. 1990 జనవరిలో ఎఫ్ఐఆర్. 1992లో మన పి.వి. నరసింహారావు గారి ప్రభుత్వంలో విదేశాంగ మంత్రి మాధవ్‌సింహ్ సోలంకి దావోస్ వెళ్లి, స్విస్ విదేశాంగ మంత్రి చేతిలో ఒక కాగితం పెట్టారు. బోఫోర్స్ దర్యాప్తు మీద తొందరేం లేదన్నది దాని భావం. గుట్టు బయటపడి సోలంకి రాజీనామా చేశారు. ఆ కాగితం ఎవరిచ్చారయ్యా అంటే ఎవరో లాయరన్నారు, పేరు మాత్రం చెప్పలేదు. మిగతా కథంతా పుచ్చుకున్నవాడు దొరక్కపోవడం గురించైతే, ఇక్కడ ఇచ్చినవాడే గల్లంతు. 1993 జూలైలో క్వత్రోచీ హాయిగా విమానమెక్కి దేశం దాటాడు. 1997లో స్విస్ బ్యాంకు పత్రాలు ఢిల్లీ చేరాయి. చార్జిషీటు వేసేసరికి 1999 అక్టోబర్. రక్షణ శాఖ మాజీ కార్యదర్శి ఎస్.కె. భట్నాగర్, బోఫోర్స్ ఏజెంటు విన్ చద్దా 2001లోనే పోయారు. ప్రభుత్వోద్యోగులెవరూ లంచం తీసుకున్న ఆధారం లేదని ఢిల్లీ హైకోర్టు 2004 ఫిబ్రవరిలో తేల్చింది. రాజీవ్ గాంధీకి కూడా నిర్దోషిత్వం దక్కింది. అప్పటికి ఆయన చనిపోయి పదమూడేళ్లు కావస్తోంది.

2005 మే 31న అదే హైకోర్టు, ఈ కేసులో నిందితులైన వ్యాపారులు హిందుజా సోదరుల మీద అభియోగాలు కొట్టేస్తూ ఒక లెక్క చెప్పింది: ఈ కేసు మీద ప్రజాధనం 250 కోట్ల దాకా ఖర్చయిందట. లంచం ఎంత? అందరూ చెప్పుకునే లెక్క 64 కోట్లు. దొంగ పట్టుకుపోయింది 64, దొంగను వెతకడానికి 250. ఇంతకంటే మళ్లీ ఒకసారి లంచమిచ్చి ఊరుకున్నా మనకు 186 కోట్లు మిగిలేవి. 2007లో అర్జెంటీనాలో క్వత్రోచీ దొరికాడు. మనవాళ్లు పట్టుకెళ్లిన కాగితాలు చూసి అక్కడి కోర్టు అతన్ని వదిలేసింది. పైగా అతని లాయరు ఖర్చులు భారతదేశమే కట్టుకోవాలంది. దొంగతనం ఆరోపణ ఉన్నవాడికి బాధితుడే ఫీజు కట్టిన కేసు చరిత్రలో ఎక్కడైనా ఉంటే చెప్పండి.

అన్నిటికంటే ముచ్చటైన ఘట్టం 2011 మొదట్లో. ఆదాయపు పన్ను ట్రిబ్యునల్ ఏమందంటే, క్వత్రోచీకీ చద్దాకూ కలిపి 41 కోట్ల కమిషన్ ముట్టింది, దాని మీద పన్ను కట్టాల్సిందే. సరిగ్గా రెండు నెలలకు, మార్చి 4న, ఢిల్లీ కోర్టు సీబీఐ కోరిక మీద క్వత్రోచీ మీద కేసు ఎత్తేసింది. అంటే ఒకే దేశంలో, ఒకే సొమ్ము, ఆదాయమా అంటే ఆదాయమే. నేరమా అంటే కాదు. క్వత్రోచీ 2013లో మిలాన్‌లో కన్నుమూశాడు. హిందుజా తీర్పు మీద సీబీఐ అప్పీలును 2018 నవంబర్ 2న సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. కారణం? అప్పీలు 4,522 రోజులు ఆలస్యంగా వచ్చింది.

మరి ఇన్నాళ్లూ ఢిల్లీలో ఉన్నదెవరు? బోఫోర్స్ మీద నినదించి గద్దెనెక్కిన వి.పి. సింగ్ ఉన్నారు, చంద్రశేఖర్ ఉన్నారు, కాంగ్రెస్ ఉంది, యునైటెడ్ ఫ్రంట్ ఉంది, భారతీయ జనతా పార్టీ ఉంది. కేసు అందరి ఒళ్లోనూ పెరిగింది, ఎవరి చేతుల్లోనూ ఎదగలేదు. 1989లో నేషనల్ ఫ్రంట్ చైర్మన్‌గా దేశమంతా బోఫోర్స్ మోత మోగించిన మన ఎన్టీ రామారావు గారు సొంత రాష్ట్రంలో అధికారమే పోగొట్టుకున్నారు. 42 లోక్‌సభ సీట్లలో కాంగ్రెస్ 39 గెలిచింది. ఆ ఫిరంగి గుండు ఇరవై కిలోమీటర్లు దాటి పోతుందన్నారు గానీ, వింధ్య దాటి గోదావరి దాకా రాలేదన్నమాట.

తిన్నది ఎలా తింటారో కూడా కాస్త తెలుసుకోవాలి. లంచం ధరలో ఉంటుందని మనం అనుకుంటాం. ధర చివరాఖరి మాట. అసలు వ్యవహారం అర్హతల జాబితా దగ్గరే అయిపోతుంది. ఎంత ఎత్తు ఎగరాలి, ఎంత బరువు మోయాలి, ఎన్ని సెకన్లలో ఎన్ని గుండ్లు పేల్చాలి అని సైన్యం ముందు రాసుకుంటుంది. అబ్బాయిని ఖాయం చేసుకున్నాక, ఎడమ చెవి వెనక పుట్టుమచ్చ ఉన్న వరుడు కావలెను అని ప్రకటన వేయించినట్టు, ఆ జాబితాను ఒక్క కంపెనీకే సరిపోయేలా రాస్తే చాలు. టెండర్లు బ్రహ్మాండంగా పిలవొచ్చు. ఎవరొస్తారు?

వీవీఐపీ హెలికాప్టర్ల కథలో గొడవంతా ఈ జాబితా మీదే. ప్రముఖులను మోయడానికి 12 హెలికాప్టర్లు కావాలి. 6,000 మీటర్ల ఎత్తు ఎగరాలని వాయుసేన మొదట రాసుకుంది. అలా అయితే ఒక్క కంపెనీయే మిగులుతోందని, పైగా లోపల గది ఎత్తు చాలదని 2003లో వాజపేయి హయాంలో ప్రధాని కార్యాలయం అభ్యంతరం చెప్పింది. ఆ తర్వాత మన్మోహన్ సింగ్ హయాంలో 6,000 కాస్తా 4,500 అయింది, గది ఎత్తు 1.8 మీటర్లు ఉండాలన్నది చేరింది. హిమాలయాలు కాస్త కిందికి దిగినా ఫర్వాలేదు, నాయకుడు తల వంచకూడదు. 2010 ఫిబ్రవరిలో అగస్టా వెస్ట్‌లాండ్‌కు సుమారు 3,600 కోట్ల ఆర్డరు వెళ్లింది. ఒక ప్రభుత్వం అర్జీ పెట్టింది, ఇంకో ప్రభుత్వం సంతకం పెట్టింది. ఇద్దరూ ఇప్పటికీ ఒకరినొకరు దొంగా అనుకుంటున్నారు. ఆయుధాల విషయంలో మనకున్న జాతీయ సమైక్యత ఇదొక్కటే.

ఈ బేరంలో లంచాలిచ్చారన్న ఆరోపణ మీద 2013 ఫిబ్రవరిలో ఇటలీలో అగస్టా మాతృసంస్థ ఫిన్‌మెకానికా అధిపతి అరెస్టయ్యాడు. 2014 జనవరి 1న మన సర్కారు ఒప్పందం రద్దు చేసి కొత్త సంవత్సరం శుభాకాంక్షలు చెప్పింది. అప్పటికే మూడు హెలికాప్టర్లు దిగాయి. ఇటలీ కోర్టు 2018లో ఆ అధిపతిని నిర్దోషిగా వదిలేసింది. మధ్యవర్తిగా ఆరోపణలున్న క్రిస్టియన్ మిషెల్‌ను 2018 డిసెంబర్‌లో దుబాయ్ నుంచి ఘనంగా విమానంలో తెచ్చారు. ఎన్నికలు ముందున్నాయి, సభల్లో అతని పేరు మార్మోగింది. ఆరేళ్లు దాటినా విచారణ మాత్రం పూర్తి కాలేదు. 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు అదే మాట చెప్పి బెయిలిచ్చింది. ఈలోగా ఫిన్‌మెకానికా తన పేరును లియొనార్డోగా మార్చుకుంది, మన సర్కారు దాని మీద పెట్టిన నిషేధం 2021లో తొలగింది. మన దేశంలో నామకరణం అన్ని పాపాలకూ ప్రాయశ్చిత్తం.

ఈ కేసుల్లో నిందితులకంటే అక్షరాలే ఎక్కువ. బోఫోర్స్ అధికారి మార్టిన్ ఆర్డ్‌బో డైరీలో క్యూ, ఆర్ అని ఉంటాయి. అగస్టా కేసులో దొరికిన కాగితంలో ఏఎఫ్, బీయూఆర్, పీఓఎల్, ఏపీ, ఎఫ్ఏఎం అని ఉంటాయి. టీవీ చర్చల్లో ఆ అక్షరాలన్నిటికీ పూర్తి పేర్లు దొరుకుతాయి. కోర్టుకు వెళ్లేసరికి అన్నీ మళ్లీ పొడి అక్షరాలైపోతాయి. పెద్ద బాలశిక్ష చదివిన పిల్లాడు కూడా గుణింతం కలిపి మాట చేస్తాడు. సీబీఐ వాళ్లకు ఇన్నేళ్లుగా ఓనమాలు దాటడం లేదు.

మరి ఎవరికీ శిక్షే పడలేదా అంటే, పడింది. ఇక్కడే మన తెలుగువాడు రంగప్రవేశం చేస్తాడు. 2001 మార్చి 13న తెహల్కా అనే వార్తా సంస్థ వాళ్లు రహస్య కెమెరా దృశ్యాలు బయటపెట్టారు. లండన్‌లో వెస్ట్ ఎండ్ ఇంటర్నేషనల్ అనే కంపెనీ ఉందని, రాత్రి చీకట్లో చూసే థర్మల్ ఇమేజర్లు అమ్ముతుందని చెప్పి విలేకరులు ఢిల్లీ అంతా తిరిగారు. కంపెనీ లేదు, సరుకు లేదు, ఉన్నదల్లా సంచిలో కెమెరా. భారతీయ జనతా పార్టీ జాతీయ అధ్యక్షుడు, హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన బంగారు లక్ష్మణ్ లక్ష రూపాయల కట్ట అందుకుని బల్ల సొరుగులో పెట్టుకోవడం దేశమంతా చూసింది. పార్టీ నిధికి అన్నారాయన. 2012 ఏప్రిల్‌లో కోర్టు నాలుగేళ్ల కఠిన శిక్ష వేసింది. ఆ గొడవలోనే రాజీనామా చేసిన రక్షణ మంత్రి జార్జి ఫెర్నాండెజ్ ఏడు నెలలకే అదే కుర్చీలో కూర్చున్నారు. ఆయన పార్టీ నాయకురాలు జయా జైట్లీకి, మరో ఇద్దరికి 2020 జూలైలో నాలుగేళ్లు పడితే, ఢిల్లీ హైకోర్టు అదే రోజు ఆమె శిక్షను నిలిపేసింది.

లక్ష్మణ్ చేసింది తప్పు కాదని ఎవరూ అనరు. లెక్క మాత్రం చూడండి. నిజం ఫిరంగులు, నిజం హెలికాప్టర్లు, వేల కోట్లు, నిజం కంపెనీలు: శిక్ష పడ్డ రాజకీయ నాయకులు సున్నా. లేని కంపెనీ, లేని సరుకు, లక్ష రూపాయలు: జైలు. శిక్ష పడ్డవాడు ఆ పార్టీకి తొలి దళిత అధ్యక్షుడు కావడం యాదృచ్ఛికమే అయి ఉంటుంది. మన దేశంలో యాదృచ్ఛికాలకు కూడా కులం ఉంటుందేమో. దీన్నిబట్టి కాబోయే మంత్రులు నేర్చుకోవాల్సిన నీతి ఒక్కటే. తింటే నిజం బేరంలోనే తినండి. ఉత్తుత్తి బేరాల జోలికి పోతే చట్టం ఊరుకోదు.

రఫేల్ కాలానికి విద్య ఇంకా ముదిరింది. 2016 సెప్టెంబర్‌లో ఫ్రాన్స్ నుంచి 36 రఫేల్ యుద్ధ విమానాలు కొన్నారు. ధర అడిగితే దేశ భద్రత అన్నారు. వివరాలు సీల్డ్ కవరులో కోర్టుకెళ్లాయి. జోక్యానికి కారణం లేదని 2018 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పులో కాగ్ నివేదికను పార్లమెంటు కమిటీ పరిశీలించిందని ఉంటే, అప్పటికి ఆ నివేదికే బయటకు రాలేదని ప్రతిపక్షం గగ్గోలు పెట్టింది. మర్నాడే సర్కారు కోర్టుకెళ్లి, మా వాక్యంలో భూత భవిష్యత్ వర్తమానాలు తారుమారుగా అర్థమయ్యాయి అని మనవి చేసుకుంది. కాగ్ నివేదిక వచ్చాక చూస్తే, అందులో ధరలు దాచేశారు. 2019 మార్చిలో అటార్నీ జనరల్ గారు రక్షణ శాఖ నుంచి పత్రాలు చోరీ అయ్యాయన్నారు. రెండు రోజులకు, అబ్బే, పోయింది జిరాక్సులే అన్నారు. సమీక్ష పిటిషన్లనూ కోర్టు ఆ నవంబర్‌లో తోసిపుచ్చింది. బోఫోర్స్ కాలంలో ప్రభుత్వం తప్పించుకోవడానికి పదేళ్లు పరుగెత్తాల్సి వచ్చేది. ఇప్పుడు ఒక కవరూ, కాస్త జిగురూ చాలు.

ఈ తమాషాలో అసలు దెబ్బ ఎవరికి తగిలిందో చెప్పకపోతే వ్యంగ్యం కూడా అవినీతే అవుతుంది. బోఫోర్స్ ఫిరంగి మంచిది. 1999లో కార్గిల్ కొండల మీద శత్రువు బంకర్లను పగలగొట్టింది అదే. కానీ ఆ పేరు చెబితేనే అధికారులు వణికి, కొత్త ఫిరంగి ఫైలు మీద సంతకానికి ముందుకు రాలేదు. 155 ఎంఎం ఫిరంగికి బోఫోర్స్ తర్వాత కొత్త విదేశీ ఒప్పందం కుదిరింది 2016 నవంబర్‌లో, అమెరికా నుంచి 145 ఎం777లకు. మధ్యలో ముప్పయ్యేళ్లు. జర్మనీ కంపెనీ హెచ్‌డీడబ్ల్యూ జలాంతర్గాముల బేరంలో కమిషన్ల ఆరోపణ మీద పెట్టిన కేసులో ఏమీ తేలలేదు గానీ, ముంబై మజ్‌గావ్ డాక్‌లో వాటి తయారీ ఆగి, పని నేర్చుకున్న చేతులు చెదిరిపోయాయి. 2005లో దక్షిణాఫ్రికా ఆయుధ కంపెనీ డెనెల్‌ను లంచాల ఆరోపణ మీద వెలివేశారు, తర్వాత సీబీఐ ఆధారాల్లేవని ఫైలు మూసింది. దొంగ దొరకడు, తుపాకీ రాదు.

సరే, బోఫోర్స్ నమూనా పట్టుకుని మనమే ధనుష్ ఫిరంగి చేసుకుందామని జబల్‌పూర్‌లో మొదలెట్టారు. 2017 జూలైలో సీబీఐ ఒక కేసు పెట్టింది: ఢిల్లీ సరఫరాదారు చైనా బేరింగులకు మేడిన్ జర్మనీ అని ముద్ర కొట్టి అంటగట్టాడని. చైనా సరిహద్దులో చైనా మీద గురిపెట్టే ఫిరంగి, తిరగాల్సింది చైనా బేరింగు మీద. దళారీలందరిలో ఇతడొక్కడే నిజమైన అంతర్జాతీయవాది.

కాబట్టి రేపు మళ్లీ ఎన్నికలొస్తాయి. ఒక వేదిక మీద బోఫోర్స్ పేలుతుంది, ఇంకో వేదిక మీద రఫేల్ ఎగురుతుంది. చప్పట్లు కొట్టేముందు, ఎదుటి పార్టీ కుంభకోణం గురించి గొంతు చించుకునే ప్రతి నాయకుణ్ణీ ఒక్కటి అడగండి: తమరు అధికారంలో ఉన్నన్నాళ్లూ ఆ కేసు ఎన్ని వాయిదాలు కదిలింది? అర్హతల జాబితాలో గీత ఎవరు మార్చారో సంతకంతో సహా బయటపెట్టే చట్టం తెస్తారా? కాగ్ నివేదికలో దాచకుండా ధర చెబుతారా? ఇలాంటి కేసులకు గడువు కట్టి తేల్చే కోర్టు పెడతారా? నీళ్లు నమిలితే ఆయన పోరాటం అవినీతి మీద కాదు, అందులో తన వాటా రాలేదన్న దాని మీద.

కేసు తేలకపోవడమే అన్ని పార్టీలకూ లాభమైనంత కాలం ఏ కేసూ తేలదు. తేలకపోతే నష్టపోయే పక్షం దేశంలో ఒక్కటే ఉంది. పన్ను కట్టేది అదే, కొడుకుని సరిహద్దుకు పంపేదీ అదే, ఓటేసేదీ అదే. అడగాల్సింది కూడా అదే.